యజమాని గల్ఫ్‌లో, జీపు దొంగల చేతిలో

మా సంఘం కార్యాలయానికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఆసుపత్రి ఖర్చుల గురించీ, పిల్లల ఫీజుల గురించీ ఉంటాయి. వాటి మధ్య అప్పుడప్పుడు గల్ఫ్ నంబరు నుంచి ఇంకో రకం ఫోను వస్తుంది. "ఇంటి ముందర పెట్టిన జీపు రాత్రికి రాత్రి పోయింది భాయ్. బండి నా పేరు మీద ఉంది. నేనేమో ఇక్కడున్నా. ఇప్పుడు ఏం చెయ్యాల?" అని.

జీపు కొనుక్కోగలిగినవాడికి సంఘం సాయమెందుకని దాతల్లో ఒకరిద్దరు మమ్మల్ని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. సరదాకి కొన్న బండి పోతే అందులో మా ప్రమేయం సలహా చెప్పడం వరకే. కానీ కడప, రాయచోటి వైపు గుట్టల మధ్య తోటలకు వెళ్లే దారులు చూసినవారికి తెలుసు, అక్కడ నాలుగు చక్రాలూ లాగే బండి లేకపోతే వానాకాలంలో పని జరగదు. గల్ఫ్‌లో డ్రైవరుగానో, వంటవాడిగానో పదేళ్లు చాకిరీ చేసి, ఆ డబ్బుతో ఇక్కడి తమ్ముడికి ఒక పాత బొలెరోనో, జీపునో కొనిపెట్టి, దాని మీద రెండు కుటుంబాలు బతికే ఇళ్లు మనలో తక్కువేమీ లేవు. అటువంటి ఇంట్లో బండి పోవడమంటే దుకాణం కాలిపోయినట్టే లెక్క. మేము ఖర్చు పెట్టేది అటువంటివారికే. అదీ కొత్త బండి కొనివ్వడానికి కాదు. రానుపోను ఖర్చులు, వకీలు ఫీజు, బండిని లాగించి తెచ్చే కిరాయి, ఇంతవరకే. అందులోనూ ఎక్కువ భాగం వడ్డీలేని అప్పుగా ఇస్తాం.

ఈ వ్యాసం రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ సంచిక చదివే దాతల్లో చాలామంది గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్నారు. వారి ఇళ్ల ముందు కూడా గుడ్డ కప్పిన థారో, స్కార్పియోనో ఉండే ఉంటుంది. దొంగను పట్టడం పోలీసుల పని. పట్టిన తరువాత బండి ఇంటికి చేరడం మాత్రం చాలావరకు సంతకాల పని. ఊళ్లో లేని యజమానికి బదులు ఎవరు సంతకం పెట్టగలరు, దాన్ని స్టేషనులోనూ, బీమా కంపెనీలోనూ, కోర్టులోనూ ఒప్పుకుంటారా అన్నదగ్గరే మా దగ్గరికి వచ్చిన వ్యవహారాలు ఎక్కువగా చిక్కుపడ్డాయి.

అసలు ఇటువంటి బండ్ల మీదే దొంగల కన్ను ఎందుకంటే, పాతబడినా వీటికి ధర తగ్గదు. విడి భాగాలు ఒక మోడల్‌వి ఇంకో మోడల్‌కు సర్దుకుంటాయి. బాడీ వేరు, కింది ఛాసిస్ ఫ్రేము వేరు కాబట్టి విప్పి అమ్మడం తేలిక. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో సోతీగంజ్ అనే బజారు దొంగ బండ్లను విప్పి అమ్మడానికే దేశమంతా పేరుపడి, చివరకు 2021 డిసెంబరులో పోలీసుల చేత మూతపడింది. పాత జీపులకైతే తాళం ఉన్నా లేనట్టే, రెండు వైర్లు కలిపితే కదులుతాయి. కొత్తవాటికి ఇమ్మొబిలైజర్ ఉంటుంది గానీ, మెకానిక్‌లు వాడే చిన్న పరికరాన్ని డాష్‌బోర్డు కింది సాకెట్టుకు తగిలించి కొత్త తాళం తయారు చేసుకునే ముఠాలు కూడా ఉన్నాయి. పైగా యజమాని పరదేశంలో ఉంటే బండి నెలల తరబడి ఒకేచోట నిలబడి ఉంటుంది. ఆ ఇంట్లో మగవాళ్లు ఎప్పుడుంటారో, ఎప్పుడుండరో వీధికంతా తెలుసు.

మొదటి రోజు

పోయిందని తెలిసిన గంటలోనే 112కు ఫోను చెయ్యాలి, స్టేషనుకు మనిషి వెళ్లాలి. ఇక్కడే మొదటి అపోహ ఎదురవుతుంది. "ఆర్.సి. అన్న పేరు మీద ఉంది, అన్న వస్తేనే కంప్లైంటు తీసుకుంటారు" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఒక్కోసారి స్టేషనులో రైటరు కూడా అదే మాట అంటాడు. అది చట్టం కాదు. దొంగతనం కేసు పెట్టదగిన నేరం. దాని సంగతి తెలిసిన ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. తమ్ముడు ఇవ్వవచ్చు, తల్లి ఇవ్వవచ్చు, కాపలా ఉన్న మనిషి ఇవ్వవచ్చు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షను ఈ విషయం చెబుతుంది. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా, వెళ్లిన స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. రాసుకోవాలని కూడా అదే సెక్షనులో ఉంది. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నారు. ప్రతి ఒకటి ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో నిరాకరిస్తే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపుకోవచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

ఈమెయిలు లాంటి ఎలక్ట్రానిక్ మార్గంలో కూడా ఫిర్యాదు పంపవచ్చని ఈ కొత్త చట్టం అంటుంది. గల్ఫ్‌లో ఉన్నవారు ఈ మాట విని సంతోషపడతారు. కానీ దానికి ఒక ముడి ఉంది. పంపినవారు మూడు రోజులలోపల దాని మీద సంతకం పెడితేనే అది రికార్డులోకి ఎక్కుతుంది. కువైట్‌లో సెలవు దొరకని మనిషి మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టేదెలా? అందుకే మేము చెప్పేది, మెయిలు పంపండి, అది మీకు ఆధారంగా ఉంటుంది, కానీ ఎఫ్.ఐ.ఆర్. మాత్రం ఊళ్లో ఉన్నవారి సంతకంతోనే చేయించండి. అందులో బండి మీదేనని, మీరు ఫలానా దేశంలో ఉన్నారని, ఇక్కడ బండి ఎవరి చేతిలో ఉందో స్పష్టంగా రాయించండి. తరువాత బీమా కంపెనీ, కోర్టు రెండూ ఆ వాక్యం కోసమే వెతుకుతాయి.

ఫిర్యాదుకు చేతిలో ఉండవలసినవి ఆర్.సి. నకలు, బీమా పత్రం, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, రెండు తాళంచెవులు. నంబరు ప్లేటు కంటే ఛాసిస్ నంబరు ముఖ్యం. ప్లేటు పది నిమిషాల్లో మారుతుంది. ఛాసిస్ నంబరు ఫ్రేము ఇనుము మీద గుద్ది ఉంటుంది. మొత్తం 17 అక్షరాలూ అంకెలూ. మహీంద్రా బండ్లకు అది 'ఎంఏ1'తో మొదలవుతుంది. దొంగలు దాన్ని ఆకురాయితో అరగదీసినా, ఫోరెన్సిక్ ప్రయోగశాలలో రసాయనం పూసి కిందినుంచి పాత గుర్తులను పైకి తేగలరు. గుద్దినప్పుడు లోపలి లోహం కూడా నొక్కుకుపోతుంది కాబట్టి అది సాధ్యమవుతుంది. అయితే తేలిన అంకెలను పోల్చడానికి మన దగ్గర అసలు నంబరు సరిగ్గా ఉండాలి. ఒక ఇంటివారి దగ్గర ఉన్న జిరాక్సులో చివరి రెండు అంకెలు మడతలో పోయి ఉండటం మేము చూశాం. ఆర్.సి.ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవడానికి ఖర్చేమీ కాదు.

రాత్రి 9 గంటలకు చూశాం, తెల్లవారి 5 గంటలకు లేదు అన్నట్టు సమయం రాయించాలి. ఫలానా గంటకే పోయిందని ఊహించి చెబితే, ఆ తరువాత కెమెరాలో ఇంకో సమయం కనబడితే చిక్కు. వీధిలో, పెట్రోలు బంకులో, దుకాణాల్లో ఉన్న కెమెరాల రికార్డింగు చాలా చోట్ల కొద్ది రోజుల్లోనే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. పోలీసులు వచ్చి అడిగేదాకా ఆగకుండా, అది చెరిపెయ్యకుండా ఉంచమని ఆ దుకాణాలవారికి అదే రోజు చెప్పి రావాలి.

ఇక ఫాస్టాగ్. ఇది చాలామందికి తట్టని విషయం. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి. దొంగ తొందరలో అద్దం మీది ఆ స్టిక్కరు పీకకుండా జాతీయ రహదారి ఎక్కితే, డబ్బు కోసిన సందేశం యజమాని ఫోనుకే వస్తుంది. ఆ యజమాని కువైట్‌లో నిద్రపోతూ ఉంటాడు. కంగారుపడి వెంటనే ఫాస్టాగ్ మూయించకండి. ముందు ఆ సందేశాన్ని ఎఫ్.ఐ.ఆర్. నంబరుతో సహా పోలీసులకు పంపండి. ఏ గేటు, ఏ గంట అన్నది వారికి దారి చూపిస్తుంది. ట్రాఫిక్ చలానాలు కూడా అంతే. మన నంబరు మీద తెలియని ఊరి చలానా వచ్చిందంటే బండి అక్కడ తిరుగుతోందని గానీ, మన నంబరును ఇంకో బండికి తగిలించారని గానీ అర్థం. కొత్త బండ్లకు కంపెనీ యాప్‌లో బండి ఉన్న చోటు కనబడే సౌకర్యం ఉంటే దాని వివరం కూడా పోలీసులకే ఇవ్వండి. ఇంట్లోని కుర్రవాళ్లను వెంటబడి పోనివ్వకండి. బండి కోసం మనిషిని పోగొట్టుకోరాదు.

ఇవన్నీ పనిచెయ్యాలంటే మీ భారతదేశపు సిమ్ బతికి ఉండాలి. గల్ఫ్ వెళ్లాక రీఛార్జి ఆపేసినవారి నంబరే ఆర్.సి.లోనూ, బీమాలోనూ, ఫాస్టాగ్‌లోనూ ఉంటుంది. ఓటీపీ దానికే పోతుంది. ఆ నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి కేటాయిస్తే, పని మొత్తం అక్కడే ఆగుతుంది.

మోసగాళ్ల గురించి ఒక మాట. బండి ఫోటో, యజమాని ఫోను నంబరు, ఆర్.సి. అన్నీ కలిపి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే, వారంలోపల "మీ బండి మా దగ్గరుంది, ఇంత పంపండి" అని ఫోన్లు మొదలవుతాయి. బండి చూసినవాడు ఎవడూ గూగుల్ పేలో అడ్వాన్సు అడగడు. బండి రంగు, నంబరు, స్టేషను ఫోను నంబరు ఇస్తే చాలు.

బీమా పత్రంలో చదవవలసిన గీత

"ఇన్సూరెన్సు మూడేళ్లకు కట్టేశాం, భయం లేదు" అని ఎందరో అంటారు. సుప్రీంకోర్టు ఆదేశం వల్ల 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల బీమా తప్పనిసరి అయింది నిజమే. కానీ ఆ మూడేళ్లూ థర్డ్ పార్టీకి మాత్రమే. అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికి. మన బండి పోతే డబ్బు వచ్చేది సొంత నష్టం భాగం నుంచి. అది మామూలుగా మొదటి ఏడాదికే ఉంటుంది. ప్రతి ఏడూ విడిగా కట్టుకోవాలి. యజమాని ఊళ్లో లేడు, ఏజెంటు ఫోను చేసిన నంబరు పనిచెయ్యదు, రెండో ఏడాది గడిచిపోతుంది. బండి పోయాక పత్రం తీసి చూస్తే మూడేళ్లని పైన ఉంటుంది, లోపల సొంత నష్టం గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది. ఈ ఒక్క గీత వల్ల నష్టపోయినవారికి మా దగ్గర చెప్పడానికి సమాధానం ఉండదు.

వచ్చే మొత్తం కూడా కొన్న ధర కాదు. పత్రంలో ఐడీవీ అని రాసిన అంకె. బండి వయసును బట్టి అది తగ్గుతుంది. ఏడాది దాటి రెండేళ్లలోపు 20 శాతం, రెండు దాటి మూడేళ్లలోపు 30 శాతం, నాలుగు దాటి అయిదేళ్లలోపు 50 శాతం. 12 లక్షల బండి మూడో ఏట పోతే లెక్క 8 లక్షల 40 వేల దగ్గర మొదలవుతుంది. బ్యాంకు అప్పు ఉంటే ముందు బ్యాంకుకే పోతుంది, మిగిలింది మనకు. బండి పోయిందని నెలవారీ కంతు ఆగదు. మూడో నెలలో బ్యాంకు నోటీసు వచ్చాక ఏడ్చిన తల్లులున్నారు.

కంపెనీకి అదే రోజు ఫోనులోనూ, మెయిలులోనూ చెప్పాలి. ఇది గల్ఫ్ నుంచే చెయ్యగల పని కాబట్టి యజమానే చెయ్యడం మంచిది. అయినా ఆలస్యమైతే అంతా పోయినట్టు కాదు. గుర్షిందర్ సింగ్ అనే ట్రాక్టరు యజమాని కేసులో 2020 జనవరి 24న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచి తీర్పు ఇచ్చింది. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి, కంపెనీకి చెప్పడంలో మాత్రమే ఆలస్యమైతే, ఆ ఒక్క కారణంతో క్లెయిము కొట్టెయ్యరాదని అందులో చెప్పింది. ఎఫ్.ఐ.ఆర్. మొదటి రోజే ఉండాలని మేము అంతగా పట్టుబట్టేది ఇందుకే.

ఇంకో తరచు తగాదా, సొంత వాడకం బండిని కిరాయికి తిప్పారని. తోటలకు కూలీలను తీసుకెళ్లి డబ్బు తీసుకుంటే అది పాలసీ షరతుకు విరుద్ధమే. దాన్ని మేము సమర్థించం. కానీ దొంగతనానికీ ఆ తప్పుకూ సంబంధం లేనప్పుడు మొత్తం తోసిపుచ్చడం సరికాదని 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. అక్కడ 75 శాతం ఇప్పించారు. కంపెనీ కాదంటే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. తిరస్కరించిన నాటి నుంచి ఏడాదిలోపల వెళ్లాలి.

బీమా డబ్బు తీసుకున్నాక బండి దొరికితే అది కంపెనీదే. మనవాళ్లు ఈ విషయంలో బాధపడతారు, ముఖ్యంగా తండ్రి చేతి జీపు అయితే. డబ్బు చేతికి రాకముందే బండి దొరికితే మనం తీసుకుని, దెబ్బతిన్న భాగాల మరమ్మతుకు క్లెయిము చేసుకోవచ్చు. ఏది నయం అన్నది బండిని చూసి తేల్చుకోవాలి.

దొరికిన బండి ఎందుకు రాదు

మా దగ్గరికి వచ్చిన ఒక ఇంటి సంగతి చెబుతాం. అన్న పద్నాలుగేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. తమ్ముడు ఇక్కడ గుట్టల మీది మామిడి తోటలకు డ్రిప్పు పైపులు, మందులు, నీళ్ల డ్రమ్ములు చేరవేస్తాడు. జీపు అన్న పేరు మీద ఉంది. ఒక రాత్రి పోయింది. తమ్ముడు తెల్లవారగానే కేసు పెట్టాడు. దాదాపు నాలుగు నెలలకు కర్ణాటక సరిహద్దు అవతల ఒక షెడ్డులో, వేరే నంబరుతో, రంగు మార్చి ఉన్న బండి అక్కడి పోలీసులకు ఇంకేదో తనిఖీలో దొరికింది. ఛాసిస్ నంబరు చూసి ఇక్కడి స్టేషనుకు కబురు వచ్చింది. ఇంట్లో అందరూ పండగ చేసుకున్నారు. తమ్ముడు మరునాడే బస్సెక్కి వెళ్లాడు. స్టేషను ఆవరణలో జీపు కళ్ల ముందే ఉంది, తాళంచెవి చేతిలో ఉంది, అయినా ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

అక్కడి పోలీసులు అన్యాయం చెయ్యలేదు. పోలీసులు పట్టుకున్న సొత్తు కోర్టు అధీనంలోకి పోతుంది. స్టేషనులో దాన్ని ఎవరి చేతిలోనూ పెట్టరు. కొత్త చట్టంలో 497, 503 సెక్షన్ల కింద మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేసి, కేసు నడిచేంతవరకు బండిని మా దగ్గర ఉంచుకోనివ్వండి అని అడగాలి. దీన్ని మధ్యంతర కస్టడీ అంటారు. పాత చట్టంలో ఇవే 451, 457 సెక్షన్లు. పాత వకీళ్లు ఇప్పటికీ ఆ అంకెలే చెబుతారు, తికమక పడనక్కరలేదు. దొంగతనం ఒక రాష్ట్రంలో, బండి దొరికింది ఇంకో రాష్ట్రంలో అయితే, బండి ఏ కోర్టు లెక్కలో ఉందో ముందు కనుక్కోవాలి. ఇక్కడి పోలీసులు దాన్ని తమ కేసులోకి తెచ్చుకుంటారా, లేక మనం అక్కడే అర్జీ వేసుకోవాలా అన్నది రెండు స్టేషన్లనూ అడిగి తేల్చుకోవలసిన విషయం. ఇది తేలకుండానే వకీలుకు ఫీజు ఇచ్చినవారు రెండుసార్లు ఇచ్చుకున్నారు.

అర్జీ వేసేది రిజిస్టరు యజమాని. ఆయన కువైట్‌లో ఉన్నాడు. సెలవు అడిగితే యజమాని రెండు నెలలు ఆగమన్నాడు. కాబట్టి ముఖ్తార్‌నామా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ, కావలసి వచ్చింది. తెల్ల కాగితం మీద సంతకం పెట్టి వాట్సాప్‌లో పంపితే అది చెల్లదు. యజమాని పాస్‌పోర్టుతో భారత రాయబార కార్యాలయంలోనో, కాన్సులేటులోనో అధికారి ముందు సంతకం పెట్టి ధ్రువీకరించుకోవాలి. మన కాన్సులు ధ్రువీకరించిన ముఖ్తార్‌నామాను కోర్టు నిజమైనదిగానే ఎంచుకుంటుందని సాక్ష్య చట్టంలో ఉంది. పాతదాంట్లో 85, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 84వ సెక్షను. అసలు పత్రాన్ని కొరియరులో ఇక్కడికి పంపాలి. అది మన దేశంలోకి వచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోపల జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ చివరి మెట్టు మరచి కోర్టులో పత్రం పెట్టి వెనక్కి వచ్చినవారు ఉన్నారు.

మా గట్టి సలహా, జనరల్ పవర్ ఇవ్వకండి. బండి కోసమని రాసిన కాగితంతో ఇల్లూ, పొలమూ చేతులు మారిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, అన్నదమ్ముల మధ్య కూడా. ఈ ఒక్క పనికి ప్రత్యేక ముఖ్తార్‌నామా చాలు. బండి నంబరు, ఛాసిస్, ఇంజను నంబర్లు, ఎఫ్.ఐ.ఆర్. నంబరు రాసి, వకీలును పెట్టుకోవడానికి, అర్జీ వెయ్యడానికి, జామీను పత్రం రాసివ్వడానికి, బండిని స్వాధీనం చేసుకోవడానికి, బీమా కంపెనీతోనూ ఆర్టీవోతోనూ మాట్లాడటానికి అధికారం ఇస్తున్నానని, అమ్మే అధికారం లేదని స్పష్టంగా పెట్టాలి.

కోర్టు కాదంటుందేమోనన్న భయం అక్కర్లేదు. 2002 అక్టోబరు 1న సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నేటికీ ఆధారం. పట్టుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి తుప్పుపట్టనివ్వడంలో అర్థం లేదని, తగిన బాండు, జామీను తీసుకుని వెంటనే అప్పగించాలని అందులో ఉంది. కొత్త చట్టం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరపట్టిక తయారు చేసి, ఫోటోలు తీయించి, ఆ తరువాత 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలంటుంది. ఆ ఫోటోలే విచారణలో సాక్ష్యంగా పనికొస్తాయి కాబట్టి బండినే కోర్టు ముందు నిలబెట్టవలసిన అవసరం తగ్గింది. గడువులు ఎప్పుడూ ఇదే తీరున జరుగుతాయని మేము హామీ ఇవ్వం. కానీ వకీలు చేత ఈ సెక్షను ఎత్తి చూపించడం మన చేతిలో ఉంది.

ఆ తమ్ముడి విషయంలో కువైట్ నుంచి కాగితం రావడానికి, దానికి స్టాంపు వేయించడానికి పట్టిన రోజులే కోర్టులో పట్టిన రోజుల కంటే ఎక్కువ. అన్న మొదటి సెలవులో వచ్చినప్పుడే ఇటువంటి పత్రం ఒకటి ఊళ్లో రాయించి పెట్టి ఉంటే నోటరీ దగ్గర ఒక పూట పని. మేము ఇప్పుడు పరదేశం వెళ్లేవారికి బండి ఉందా అని అడిగి మరీ ఈ సంగతి చెబుతున్నాం.

కొన్నవాడి సంగతి

అదే కేసులో మమ్మల్ని కలతపెట్టింది ఒకటుంది. షెడ్డులో బండి పెట్టుకున్నవాడు దొంగ కాదు. అప్పుచేసి, దొంగ ఆర్.సి. చూసి మోసపోయి కొన్న చిన్న రైతు. చట్టం ముందు ఆయనకు హక్కు లేదు. తనది కానిదాన్ని అమ్మినవాడు కొన్నవాడికి హక్కు ఇవ్వలేడని 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 27వ సెక్షను. దొంగ సొత్తని తెలిసి కొంటే జైలు కూడా. తెలియక కొన్నానని ఆయన రుజువు చేసుకోవాలి, ఇచ్చిన డబ్బు అమ్మినవాడి మీద వసూలు చేసుకోవాలి. ఆ అమ్మినవాడు దొరకనే లేదు. జీపు మనవాళ్లకు రావడం న్యాయమే. కానీ అది బయటికి వస్తున్నప్పుడు ఆ రైతు గేటు దగ్గర నిలబడి ఉన్నాడని తమ్ముడు వచ్చి చెప్పినప్పుడు మా కమిటీలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ఒక్క పని చెయ్యండి. జాతీయ నేర గణాంక సంస్థ నడిపే 'వాహన్ సమన్వయ్‌'లో దేశమంతటి పోయిన, దొరికిన బండ్ల వివరాలు ఉంటాయి. డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో నంబరు, ఛాసిస్, ఇంజను వివరాలు కొట్టి చూసుకుంటే అది దొంగ బండిగా నమోదైందో లేదో తెలుస్తుంది. బండి దగ్గర వంగి ఫ్రేము మీది నంబరును కాగితం మీది నంబరుతో పోల్చండి. ఫ్రేము మీద ఆ చోట కొత్త రంగు గానీ, అరిగిన మెరుపు గానీ ఉంటే బేరం అక్కడే ఆపండి.

ఇంటికి వచ్చిన తరువాత

కోర్టు నుంచి తెచ్చుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. బాండులో రాసిచ్చినట్టు కేసు ముగిసేదాకా ఆ బండిని అమ్మరాదు, రూపం మార్చరాదు, పిలిచినప్పుడు చూపించాలి. దొంగ వేసిన రంగు తీసేసి పాత రంగు వెయ్యాలన్నా వకీలును అడిగి వెయ్యడం మంచిది. బండి పోయినప్పుడు ఆర్టీవో కార్యాలయంలో, పేరు మార్పు జరగకుండా దొంగతనం అని నమోదు చేయించి ఉంటాం. అలా చేయించడం అవసరం కూడా. ఆ నమోదును కోర్టు ఉత్తర్వు చూపించి తీయించుకోవాలి. లేకపోతే తరువాత ఏ పనికి వెళ్లినా కంప్యూటరు అడ్డు చెబుతుంది. బీమా కంపెనీకి కూడా దొరికిందని రాయాలి.

విచారణలో యజమాని సాక్ష్యం కావాలంటే దానికోసం ఉద్యోగం వదిలి రావలసిన పని లేదు. కొత్త చట్టం 530వ సెక్షను ప్రకారం సాక్షులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా విచారించవచ్చు. కోర్టు అనుమతి తీసుకోవాలి. ఆ అన్న తరఫున వకీలు ఆ అర్జీ వేసి ఉన్నారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపల ఫిర్యాదుదారుకు పోలీసులు తెలియజేయాలని 193వ సెక్షను అంటుంది. దాన్ని పట్టుకుని తమ్ముడు అడిగితే, ఇంకో ఇద్దరిని పట్టుకున్నట్టు సమాధానం వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. జీపుకు మాత్రం పని దొరికింది. మేము అప్పుగా ఇచ్చిన లాగుడు కిరాయి, వకీలు ఫీజు మామిడి కాపు తరువాత రెండు విడతలుగా తిరిగి జమ అయ్యాయి. ఆ మొత్తం ఇప్పుడు ప్రొద్దుటూరు వైపు ఇంకో కుటుంబం ముఖ్తార్‌నామా స్టాంపు డ్యూటీకి, కోర్టు ప్రయాణాలకు వెళ్లింది.